ఊరి నడుమ మౌనం

విరక్తి అనగానే తెలుగువాని మనస్సు కొండవైపు పోతుంది. శ్రీశైలం అడవినో, హిమాలయాలలో పేరెరుగని గుహనో తలచుకొని, సంసారం ఒక కొలిక్కి వచ్చిన తరువాత అక్కడికి పోయి కూర్చోవచ్చునని అతడు ఊరట చెందుతాడు. సంసారం కొలిక్కి వచ్చేదీ లేదు, అతడు పోయేదీ లేదు. ఈలోగా పిల్లల చదువు, పెద్దల జబ్బు, ఇంటి అప్పు, కాలువ చివరి పొలానికి అందని నీరు, చేతిలో క్షణక్షణం మోగే ఫోను. వీటి నడుమ ధ్యానం, మౌనం, నియమం అనే మాటలు పండుగకోసం పెట్టె అడుగున దాచిన పట్టుబట్టలవలె ఉండిపోతాయి. చాలామంది విషయంలో ఆ పండుగ రానే రాదు.

ఉపాధ్యాయులలో ఈ నిట్టూర్పు మరింత తరచుగా వినబడుతుంది. బడిలో పనిచేసేవానికి మునివృత్తి ఎక్కడ సాధ్యం? గంట కొట్టితే లేవవలె, గంట కొట్టితే తరగతి మారవలె. హాజరు పట్టీలు, ఆన్‌లైన్ నివేదికలు, పరీక్షలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు. విద్యార్థికైతే మార్కులు, ర్యాంకులు, పొరుగింటి పిల్లవానితో పోలిక. ఇందులో నిలకడగా ఒక్క క్షణం కూర్చొనేదెప్పుడు? న్యాయమైన ప్రశ్నే. అయితే గంటకు లేచి గంటకు కూర్చోవడం, తాను ఎంచుకోని మనుషులతో ఏండ్ల తరబడి కలిసి ఉండవలసి రావడం ప్రతి మఠంలోను, ప్రతి విహారంలోను ఉన్న సంగతేనని ఈ ప్రశ్న వేసేవారికి తోచకపోవడం కొంచెం వింత.

కృష్ణా డెల్టా దిగువ భాగాన్ని ఒకసారి ఈ దృష్టితో చూడడం మేలు. గుడివాడ నుంచి బందరు వరకు, అక్కడినుంచి పులిగడ్డ దాటి దివిసీమలో నాగాయలంక వరకు నడచినవానికి దారి పొడుగునా కొండ కనబడదు. గుహ మాట చెప్పనే అక్కరలేదు. అడవి అంటే సముద్రపు టంచున, ఉప్పుటేరుల వెంబడి పెరిగే మడ అడవి. అది పీతలు పట్టేవారికి, వలలు వేసేవారికి బ్రతుకుతెరువేగాని తపోభూమి కాదు. మిగిలినదంతా వరిచేను, కాలువ, ఊరు, సంత, రేవు. ఇటువంటి నేలమీద విరాగి కాదలచినవాడు జనం నడుమనే కావలసి వచ్చినది. ఇష్టమున్నా లేకున్నా, ఇరుగుపొరుగువారే అతనికి పరీక్షాధికారులైనారు. గుహలో కూర్చున్నవాడు తనకు కోపం పోయినదని సులభంగా నమ్మగలడు. రేవులో నిలబడినవాడు అలా నమ్మడానికి లేదు.

చల్లపల్లికి చేరువలోని ఘంటసాలను తీసుకోవచ్చును. క్రీ. శ. రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న కంటకొస్సుల అనే రేవు ఇదేనని పండితుల అభిప్రాయం. అక్కడ ఒక మహాచైత్యం ఉండేది. 1894లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు పరిశోధకుడు భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను గురించి ఒక గ్రంథమే ప్రచురించినాడు. గుడివాడ దిబ్బకు, ఘంటసాల దిబ్బకు చదువుకున్న లోకంలో పేరు వచ్చినది దానితోనే. ఘంటసాల శాసనాలలో శివకుడనే మహానావికుని పేరు కనబడుతుంది. నాగార్జునకొండ శాసనం ఒకటి, బోధిశ్రీ అనే ఉపాసిక కంటకసేలలోని మహాచైత్యం తూర్పు వాకిట శిలామంటపం కట్టించినట్టు చెప్పుతున్నది. ఒకరు ఓడలు నడిపినవాడు, ఒకరు గృహస్థురాలు. భిక్షువుల మౌనానికి నీడ నిచ్చినవారు వీరు.

భిక్షువు రేవుకు దగ్గరగా ఉండడానికి కారణం అతని నియమాలలోనే ఉన్నది. అతడు వండుకోరాదు, మరునాటికి దాచుకోరాదు, మధ్యాహ్నం దాటిన తరువాత భుజించరాదు. కాబట్టి ప్రతి ఉదయం పాత్ర చేతబట్టి ఊరిలోనికి పోక తప్పదు. బింబిసారుడు బుద్ధునికి వేణువనం ఇచ్చిన సందర్భంలో వినయపిటకం విహారస్థలానికి కావలసిన లక్షణాలు చెప్పుతుంది. ఊరికి మరీ దూరం కారాదు, మరీ దగ్గర కారాదు. రావడానికి పోవడానికి వీలుండవలె. పగలు రద్దీ తక్కువగా, రాత్రి నిశ్శబ్దంగా ఉండవలె. ఇది ఎంత వ్యవహారజ్ఞానంతో పెట్టిన కొలత! బేరసారాలు, దళారుల కేకలు, ఓడ దిగినవారి తగవులు వీటన్నిటి మధ్యనుంచి కన్నులు దించుకొని నడిచి, అన్నం తెచ్చుకొని, మరల తన మాపటి నిశ్శబ్దానికి చేరుకోవలసినవాడు భిక్షువు. ఊరు పెట్టకపోతే అతనికి ఆ పూట లేదు. ఊరు గౌరవించే విధంగా అతడు ప్రవర్తించకపోతే ఊరు పెట్టదు. ఈ లెక్కలో మోసానికి చోటు తక్కువ.

బౌద్ధం ఈ నేలమీద సన్నగిల్లిన తరువాత కూడా ఆ తీరు మాత్రం పోలేదు. కూచిపూడివారు తరతరాలుగా చెప్పుకొనే సిద్ధేంద్రయోగి కథ అందరికీ తెలిసినదే. భార్యను తెచ్చుకొనడానికి పోతూ కృష్ణ దాటబోయినాడనీ, నడిఏట వరద ముంచుకొని రాగా ప్రాణం దక్కితే సన్న్యసిస్తానని అక్కడికక్కడే సంకల్పించినాడనీ, దక్కినదనీ కథ. చరిత్రకారులు దీనిని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది వేరే మాట. కథలో గమనించవలసినది తరువాతి భాగం. ఒడ్డు చేరిన సన్న్యాసి కాశీకి పోయి తిరిగి రాకుండా ఉండిపోలేదు. భామాకలాపం కూర్చి, కూచిపూడి గృహస్థుల ఇండ్లలోని మగపిల్లలకు నేర్పినాడు. ఆ ఇండ్లలో పుట్టిన ప్రతి బాలుడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టవలెనని మాట తీసుకున్నాడట. విరాగి ఎంచుకున్న పాత్ర ఏది? అలుక, అసూయ, సొగసు, అతిశయం నిండిన ఇల్లాలు. లౌకికమని తోచే ప్రతి భావాన్నీ ఆమెలో నిలిపి, దాని గుండానే భగవంతుని వద్దకు దారి వేసినాడు. భార్యకోసం బయలుదేరి సన్న్యాసి అయినవాడు దాంపత్యాన్నే సాధనగా చూపడంలో ఒక చమత్కారం ఉన్నది. దానిని కథ కట్టినవారు ఎరుగనివారు కారు.

పందొమ్మిదవ శతాబ్దికి వచ్చేసరికి ఈ పని రంగస్థలంనుంచి తరగతి గదికి మారినది. దానికి రంగం బందరు.

రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ 1841లో బందరు చేరి, 1843లో పాఠశాల తెరచినాడు. తరువాత దానికే నోబుల్ కళాశాల అని పేరు వచ్చినది. మతం మార్చడం ఆయన ఆశయం. ఊరు దానిని మనస్ఫూర్తిగా ఎన్నడూ అంగీకరించలేదు. శిష్యులలో కొందరు క్రైస్తవం పుచ్చుకున్నప్పుడు బడి దాదాపు ఖాళీ అయినది కూడా. అయినా ఆ మనిషి పాఠం చెప్పడం మానలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది చనిపోయినారు. మరుసటి ఏడు, 1865లో, నోబుల్ అదే ఊరిలో కన్ను మూసినాడు. ఇరువదినాలుగేండ్లు ఒకే ఊరు, ఒకే బడి. ఆయన మతంతో పేచీ ఉన్నవారు సైతం ఆ నిలకడతో పేచీ పెట్టుకోలేరు.

ఆ కళాశాలలోనే తరువాతి కాలంలో బోధించినవారు రఘుపతి వెంకటరత్నం నాయుడు. 1862లో బందరులోనే జన్మించినారు. యౌవనంలోనే భార్యను కోల్పోయి, తిరిగి వివాహమాడక, తెల్లని వస్త్రాలు ధరించి, 1939లో మరణించేదాకా బ్రహ్మచర్యనియమంతో జీవించినారు. బ్రహ్మసమాజ మతాన్ని అవలంబించినారు. పేదపిల్లలను, అనాథలను, అంటరానివారన్న పేరుతో దూరం పెట్టబడిన కులాల పిల్లలను చేరదీసి చదువు చెప్పించినారు. ఇంతటివాడు లోకానికి దూరంగా ఉన్నాడా? కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసినారు. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. ప్రభుత్వం సర్ బిరుదు నిచ్చినది. జనం బ్రహ్మర్షి అన్నారు. ఈ రెండు పిలుపులూ ఒకే మనిషిపై ఇముడడం తెలుగుదేశంలో అరుదు.

ఆయన నిష్ఠలో కాఠిన్యం లేకపోలేదు. భోగం మేళాలను బహిష్కరించవలెనని సాగించిన ఉద్యమంలో ఆయన ముందు నిలిచినారు. స్త్రీలను ఆ వృత్తికి అంకితం చేయడం తప్పన్న మాట నిజమే. కాని ఆ స్త్రీల చేతిలో క్షేత్రయ్య పదాలు, అభినయం బ్రతికి ఉండినవన్న సంగతిని ఆ ఉద్యమం పట్టించుకోలేదు. వారి జీవనోపాధి ఏమి కావలెనన్న విచారణ కూడా చాలినంత జరుగలేదు. క్షేత్రయ్య మువ్వకు, సిద్ధేంద్రుని కూచిపూడికి బందరు ఎంతో దూరం కాదు. ఒక సన్న్యాసి శృంగారంలో భక్తిని చూచిన సీమలోనే మరొక మునివంటి మనిషి నాట్యం వైపు కన్నెత్తి చూడనొల్లలేదు. ఈ రెండింటిలో ఏది పెద్ద సాధన అని తేల్చడం తేలిక కాదు. తన నియమం తనకు భూషణంగా ఉన్నంతవరకు మంచిదే, అది ఇతరుల నెత్తిన దండమైనప్పుడు ఎంత గొప్పవాడైనా మరల ఆలోచించవలసి ఉంటుందన్నంత వరకు అనవచ్చును.

ఆయన ప్రభావంలో పెరిగిన బందరు యువకులలో ముట్నూరి కృష్ణారావు ఒకరు. దివి తాలూకా ముట్నూరులో 1879లో జన్మించినారు. కృష్ణాపత్రిక 1902లో వెలువడగా, కొద్దికాలానికే అందులో చేరి, 1907లో సంపాదకత్వం వహించి, 1945లో మరణించేవరకు వదలలేదు. ముప్పది ఎనిమిదేండ్లు. పత్రికా సంపాదకత్వం కంటె మనస్సును చెదరగొట్టే వృత్తి మరొకటి ఉన్నదా? ప్రతివారమూ కాగితం, సిరా, కంపోజింగు, బాకీలు, ప్రభుత్వం కన్ను. 1907లో వందేమాతరం ఉద్యమం. ఆ ఏడే బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటనలో ఆయన వెంట తిరిగినారు. తరువాత ఒక మహాయుద్ధం, సహాయ నిరాకరణం, ఉప్పు సత్యాగ్రహం, రెండవ మహాయుద్ధం, 1942. ఇన్ని తుఫానులను వారం వారం అచ్చులో పెట్టిన మనిషి వ్యాసాల సంపుటికి పేరు ‘లోవెలుగులు’. ఆ ఒక్క మాటలోనే ఆయన చూపు ఏ దిక్కున నిలిచినదో తెలుస్తుంది. రాజకీయం వ్రాస్తూ వ్రాస్తూ, ఆ సంఘటన మనిషి లోపల ఏమి చేస్తున్నదో చూడబోవడం ఆయన పద్ధతి.

ఆయన ఏకాంతప్రియుడని అనుకుంటే పొరపాటు. సాయంకాలాలలో కృష్ణాపత్రిక కార్యాలయంలో జరిగే గోష్ఠికి దర్బారని పేరు. కవులు, చిత్రకారులు, రాజకీయవాదులు, ఊరి పెద్దలు, పనిలేనివారు అందరూ చేరేవారు. లోచూపు గలవాడు తలుపు మూసుకోకపోవడం ఇక్కడ విశేషం. తన ఆలోచనను పదిమంది మధ్య పెట్టి, ఎవరో ఒకరు కాదనగా విని, మరల దిద్దుకొనడానికి ఆయనకు ఆ గోష్ఠి అవసరమైనది. ఘంటసాల భిక్షువుకు వీధి ఎటువంటిదో ఈయనకు దర్బారు అటువంటిది.

ఆయన మిత్రుడు కోపల్లె హనుమంతరావు న్యాయవాద వృత్తి విడిచి, ఆంధ్ర జాతీయ కళాశాలకు తన ఆయుస్సు ధారపోసి, 1922లో నలుబది రెండేండ్ల ప్రాయంలోనే పోయినారు. పుస్తకాల చదువుతోపాటు వడ్రంగం, నేతవంటి చేతిపనులు నేర్పిన సంస్థ అది. హిమాలయాలు దాటి కైలాస మానససరోవర యాత్ర చేసివచ్చిన బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ ఆ కళాశాలలో చిత్రకళ బోధించినాడు. అడవి బాపిరాజు ఆయన వద్దనే నేర్చుకున్నాడు. కైలాసం చూచివచ్చినవాడు చదునైన బందరులో కుర్రవాళ్ళకు గీత గీయడం నేర్పుతూ కూర్చున్నాడన్నది గుహలకోసం కలలు కనేవారు ఒకసారి తలచుకోదగిన విషయం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఇదంతా దేవుని నమ్మినవారి సంగతి గదా అని విద్యార్థులలో కొందరైనా అడుగుతారు. వారికి కూడా ఈ సీమలోనే జవాబు దొరుకుతుంది. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు, లోకం గోరా అని పిలిచే నాస్తికుడు, 1940లో భార్య సరస్వతితోను పిల్లలతోను కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం స్థాపించినారు. కులభేదం లేని సహపంక్తి భోజనం, వయోజన విద్య, మితమైన అవసరాలు, చెప్పినదే చేయడం. అది చూచినవారికి ఆశ్రమమనే తోస్తుంది, ఒక్క పూజామందిరం తక్కువ. గాంధీజీ ఆయనను సేవాగ్రామానికి రానిచ్చి, దీర్ఘంగా సంభాషించినారు. ప్రార్థనలో కూర్చునేవానికీ కూర్చోనివానికీ మధ్య ఆ సంభాషణ సాధ్యమైనదంటే, ఇద్దరి దినచర్యలోను ఒకే విధమైన నిగ్రహం ఉండడమే కారణం కావచ్చును.

లోచూపు జీవితంపై వచ్చే అసలైన అభియోగం వేరు. ఇది స్వార్థానికి మర్యాదైన పేరు అంటారు. లోకం కాలుతుంటే కన్నులు మూసుకొనేవాని ప్రశాంతి ఎవరికి కావలె? ఈ అభియోగాన్ని తేలికగా త్రోసివేయరాదు. 1977 నవంబరు 19న దివిసీమ దానిని కండ్ల ముందు పెట్టినది. ఆ సాయంత్రం సముద్రం లేచి ఊళ్ళమీద పడినది. ఆంధ్రతీరంలో చనిపోయినవారు ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది. దివిసీమ నష్టం అన్నిటికంటె ఘోరం. పూర్వజన్మ కర్మ అని నిట్టూర్చి తమ జపం తాము చేసుకున్నవారు అప్పుడు లేకపోలేదు. అటువంటి శాంతి ఎందుకూ కొరగానిదని నిర్మొహమాటంగా చెప్పవలసినదే. చెట్లకొమ్మలకు చిక్కిన శవాలను దించి, ముక్కులు మూసుకోకుండా పూడ్చి, దిక్కులేని పిల్లలకు గంజి కాచి పోసినవారు వేరే ఉన్నారు. కాషాయం కట్టినవారు, కట్టనివారు, ఎర్రజెండా పట్టినవారు, కళాశాల విద్యార్థులు. దివిసీమ గాంధీ అని జనం పిలుచుకున్న మండలి వెంకటకృష్ణారావు ఆ పునర్నిర్మాణానికి పూనుకున్నారు. ఆ రోజులలో పనిచేయడానికి దయ ఒక్కటే సరిపోదు. దయ మాత్రమే ఉన్నవాడు మూడవనాటికి కుప్పకూలిపోతాడు. కదలకుండా చూడగల మనస్సు, తిండి నిద్ర తప్పినా చెదరని నియమం కావలె. అవి ఉపద్రవం వచ్చిన నాడు అలవడవు. అంతకు పూర్వపు మామూలు రోజులలో, ఎవరూ చూడనప్పుడు, కొద్దికొద్దిగా కూడబెట్టినవారికే చేతికి వస్తాయి.

ఆ మామూలు రోజు ఉపాధ్యాయునికి ఎక్కడ దొరుకుతుంది? తెల్లవారుజామున పావుగంట ఫోను ముట్టకుండా కూర్చోవడం మంచిదే. దానిని కాదనేవారు లేరు. అయితే అతని అసలు పరీక్ష మరొకచోట ఉన్నది. వేసవిలో పదవ తరగతి జవాబు పత్రాల మూల్యాంకనం జరిగే గదిని ఊహించవలె. ఉక్క, బల్లలు, కట్టలు కట్టలుగా కాగితాలు, పక్కవాని కబుర్లు. ఉదయం విప్పిన మొదటి పత్రం మీద ఉన్న శ్రద్ధ సాయంత్రం చివరి పత్రం మీద ఉన్నదా? ఆ చివరిది కోడూరు తీరాన వలలు అల్లే ఇంటిలో దీపం ముందు చదివిన పిల్లది కావచ్చును. చేతివ్రాత వంకరగా ఉన్నది, జవాబు మాత్రం సరిగా ఉన్నది. దిద్దేవాని మనస్సు అప్పటికే బస్సు వేళమీద ఉన్నట్లయితే అయిదు మార్కులు ఎగిరిపోతాయి. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగవచ్చును, ఆగిన కారణం ఎవరికీ తెలియదు. తన ముందున్న కాగితంమీద మనస్సును ఆ వేళ కూడా నిలపగలగడం కంటె పెద్ద ధ్యానం ఉపాధ్యాయుడు వేరే వెతుక్కోనక్కరలేదు. విద్యార్థి విషయమూ ఇంతే. ఒక పుటను, ఆ పుట ఇచ్చే మార్కులను మరచి, చివరి పంక్తిదాకా చదవగలిగిన బాలుడు తనకు తెలియకుండానే ఒక దీక్షలో ఉన్నాడు.

ఇది ఒంటరిగా సాధ్యమా అన్నది మిగిలిన ప్రశ్న. తన శ్రద్ధ ఎప్పుడు సడలినదో తనకే తెలుస్తుందని నమ్మడం కష్టం. భిక్షువులు దీనికి ఒక ఏర్పాటు చేసుకున్నారు. వానకాలం మూడు నెలలూ ఒకేచోట కలిసి గడిపి, చివరినాడు పవారణ అనే సభ జరుపుతారు. ప్రతి భిక్షువు లేచి, తనలో చూచిన తప్పుగాని, విన్న తప్పుగాని, అనుమానించిన తప్పుగాని దయతో చెప్పుమని తక్కిన సంఘాన్ని కోరుతాడు. చెప్పినవానిమీద కోపగించరాదు. విద్యాసంవత్సరం ముగిసేనాడు ఉపాధ్యాయుల గదిలో ఇటువంటి సభ జరిపే బడి గుడివాడలోనో, బందరులోనో, అవనిగడ్డలోనో ఒకటి ఉంటే చూడదగినది. ముందుగా లేచేదెవరన్న సంశయం వస్తుంది. విహారాలలో ఆ వరుస స్పష్టంగానే పెట్టినారు. చిన్నవారు తరువాత, మొట్టమొదట మోకరిల్లి అడుగవలసినవాడు అందరిలోను పెద్ద భిక్షువు.